మార్చి నెలలో మరణించిన నలుగురు: సూరత్ ప్లేగు వెనుక కథ

మార్చి నెల అనగానే మీకు పరీక్షలు గుర్తుకు వస్తాయి. ప్లేగు వ్యాధి చరిత్ర చదివేవారికి మాత్రం ఈ నెలలో నాలుగు తేదీలు గుర్తుకు వస్తాయి. 1943 మార్చి 1న వియత్నాం తీరంలోని న్యాచాంగ్‌లో అలెగ్జాండర్ యెర్సిన్ కన్నుమూశారు. ప్లేగును కలిగించే సూక్ష్మజీవిని పట్టుకున్నది ఆయనే. 1947 మార్చి 3న ఫ్రాన్సులో పాల్ లూయీ సిమోన్ మరణించారు. ఆ సూక్ష్మజీవి ఎలుక నుంచి మనిషికి ఎలా చేరుతుందో కనిపెట్టింది ఆయన. 1897 మార్చి 10న పూనాలో ప్లేగు రోగులకు సేవ చేస్తూ అదే వ్యాధికి బలైన మహిళ సావిత్రీబాయి ఫూలే. 2017 మార్చి 11న అమెరికాలో మరణించిన రసాయన శాస్త్రజ్ఞుడు లాయిడ్ కోనోవర్. ప్లేగు రోగులను బతికించే టెట్రాసైక్లిన్ మందు ఆయన ప్రయోగశాలలోనే తయారైంది.

ఈ నలుగురూ ఒకే నెలలో మరణించడం కేవలం యాదృచ్ఛికం. కానీ నలుగురి కథలనూ ఒకచోట చేర్చి చదివితే ఒక భయంకర వ్యాధిని మనిషి ఎలా అర్థం చేసుకున్నాడో తెలుస్తుంది. 1994 సెప్టెంబరులో గుజరాత్‌లోని సూరత్ నగరంలో ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో కూడా తెలుస్తుంది. ముందుగా సూరత్ సంగతి చూద్దాం.

సూరత్, సెప్టెంబరు 1994

తపతీ నది ఒడ్డున ఉన్న సూరత్ మొగలుల కాలం నుంచీ పేరుపొందిన రేవు పట్టణం. నేటి సూరత్‌కు వజ్రాలు సానపెట్టడం, కృత్రిమ పట్టు వస్త్రాల నేత రెండు కళ్లు. బతుకుతెరువు వెతుక్కుంటూ దేశం నలుమూలల నుంచి జనం అక్కడికి చేరారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లి మరమగ్గాల మీద పనిచేస్తున్న తెలుగు నేత కుటుంబాలు అక్కడ వేలల్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతుందంటే మనవారి సంఖ్యను ఊహించుకోవచ్చు.

1991 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా సుమారు 15 లక్షలు. జనం పెరిగినంత వేగంగా మురుగు కాలువలు, మరుగుదొడ్లు, చెత్త ఎత్తే ఏర్పాట్లు పెరగలేదు. కార్మికులలో ఎక్కువమంది ఇరుకు గదుల్లో, మురికివాడల్లో కాలం వెళ్లదీసేవారు. 1994 వర్షాకాలంలో భారీ వానలు కురిసి, తపతీ నీళ్లు పల్లపు ప్రాంతాల్లోకి వచ్చాయి. నీళ్లు తీసిన తర్వాత బురద, చెత్త, చచ్చిన జంతువుల కళేబరాలు మిగిలాయి.

సెప్టెంబరు మూడో వారంలో, వినాయక నిమజ్జనం ముగిసిన వెంటనే, తీవ్రమైన జ్వరం, దగ్గు, రక్తంతో కూడిన కఫంతో రోగులు ఆసుపత్రులకు రాసాగారు. కొందరు చేరిన గంటల్లోనే చనిపోయారు. ఇది న్యుమోనిక్ ప్లేగు, అంటే ఊపిరితిత్తులకు సోకిన ప్లేగు అన్న మాట బయటికి పొక్కింది. అంతే! నాలుగైదు రోజుల్లో లక్షల మంది రైళ్లు, బస్సులు, లారీలు ఎక్కి ఊరు విడిచిపోయారు. ప్రైవేటు వైద్యుల్లో చాలామంది దవాఖానాలకు తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. ప్రభుత్వ ఆసుపత్రి సిబ్బంది మాత్రం రేయింబవళ్లు రోగులను చూశారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ గోలీలు కనబడకుండా పోయాయి. ఢిల్లీ, బొంబాయి వంటి దూరపు నగరాల్లో కూడా జనం ముక్కుకు గుడ్డలు కట్టుకుని తిరిగారు. అనేక దేశాలు మన విమానాలను, సరుకులను ఆపివేశాయి.

దేశం మొత్తం మీద 5,000కు పైగా అనుమానిత కేసులు నమోదయ్యాయి. వాటిలో పరీక్షలకు నిలిచినవి చాలా తక్కువ. మరణాలు 50కి కొంచెం పైన. ఒక్క మరణమైనా బాధాకరమే. అయితే ఆ రోజుల్లో దేశంలో క్షయతో ఒక్క రోజులో అంతకంటే ఎక్కువమంది చనిపోయేవారు. మరి ప్లేగు అంటే అంత భయం ఎందుకు? ఆ భయానికి మూలాలు వెతకాలంటే నూరేళ్లు వెనక్కి వెళ్లాలి.

మార్చి 1: సూక్ష్మజీవిని పట్టుకున్న యెర్సిన్

యెర్సిన్ 1863లో స్విట్జర్లాండులో పుట్టారు. ఆయన పుట్టకముందే తండ్రి మరణించారు. వైద్యం చదువుతూ పారిస్ చేరి, లూయీ పాశ్చర్ ప్రయోగశాలలో ఎమిలీ రూ దగ్గర పనిచేశారు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా వ్యాధిలో ప్రాణం తీసేది బాక్టీరియా విడుదల చేసే విషమేనని 1888లో వీరిద్దరూ రుజువు చేశారు. ఇంత పేరు వచ్చిన తర్వాత ఎవరైనా ఆ ప్రయోగశాలలోనే స్థిరపడతారు. యెర్సిన్ మాత్రం ఓడలో వైద్యుడిగా చేరి ఇండోచైనా వెళ్లిపోయారు. అక్కడి అడవులు, కొండలు తిరిగి పటాలు గీశారు.

1894లో చైనా దక్షిణ ప్రాంతం నుంచి ప్లేగు హాంకాంగ్‌కు పాకింది. ఫ్రెంచి ప్రభుత్వం యెర్సిన్‌ను అక్కడికి పంపింది. ఆయన జూన్ 15న చేరేసరికి జపాన్ నుంచి కిటసాటో అనే ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు తన బృందంతో అప్పటికే వచ్చి ఉన్నారు. ఆసుపత్రి, శవాలు, పరికరాలు అన్నీ కిటసాటో బృందానికే అందుబాటులో ఉన్నాయి. యెర్సిన్‌కు దొరికింది ఏమీ లేదు. ఆయన ఒక గడ్డిపాక వేయించుకుని, అందులో తన సూక్ష్మదర్శినిని అమర్చుకున్నారు. శవాలను పూడ్చే పనిలో ఉన్న నావికులకు కొంత డబ్బు ముట్టజెప్పి, మృతుల గజ్జల్లో కట్టిన బిళ్లల నుంచి రసం తీసుకోగలిగారు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. కిటసాటో ముఖ్యంగా రక్తంలో, లోపలి అవయవాల్లో వెతికారు. యెర్సిన్ నేరుగా బిళ్లలోనే వెతికారు. ప్లేగుకు అసలు గుర్తు బిళ్ల కట్టడమే కదా! ఆ రసం నిండా పొట్టి కడ్డీల్లాంటి బాక్టీరియా కిక్కిరిసి కనిపించింది. వాటిని పెంచి ఎలుకలకు, గినీ పందులకు ఎక్కిస్తే అవీ ప్లేగుతోనే చనిపోయాయి. వీధుల్లో చచ్చిపడిన ఎలుకల్లో కూడా అదే బాక్టీరియా కనబడింది.

ఈ కథలో ఒక తమాషా ఉంది. బాక్టీరియాను పెంచడానికి మన శరీరపు వేడిమిని, అంటే 37 డిగ్రీల సెంటీగ్రేడును నిలకడగా ఉంచే పెట్టె వాడతారు. కిటసాటో దగ్గర అది ఉంది. యెర్సిన్ దగ్గర లేదు. కానీ ప్లేగు బాక్టీరియా 37 డిగ్రీల కంటే తక్కువ వేడిలో, సుమారు 28 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది! పేదరికమే యెర్సిన్‌కు కలిసివచ్చింది. కిటసాటో పెంచిన వాటిలో వేరే బాక్టీరియా కూడా కలిసిపోయి ఉంటుందని తర్వాతి శాస్త్రజ్ఞులు భావించారు. ఆ బాక్టీరియాను ఈనాడు మనం యెర్సిన్ పేరుతోనే 'యెర్సీనియా పెస్టిస్' అంటున్నాం.

యెర్సిన్ ఆ తర్వాత గుర్రాల్లో ప్లేగుకు విరుగుడు సీరం తయారుచేశారు. 1896లో చైనాలో ఒక యువకుడికి దాన్ని ఎక్కించి బతికించారు. మరుసటి ఏడాది అదే సీరంతో బొంబాయి వచ్చారు. కానీ ఇక్కడ ఆశించిన ఫలితాలు రాలేదు. ఆయన తిరిగి న్యాచాంగ్ వెళ్లిపోయి, పాశ్చర్ సంస్థ శాఖను నడుపుతూ, రబ్బరు, సింకోనా మొక్కలు పెంచుతూ జీవించారు. ఆయన సమాధిని వియత్నాం ప్రజలు నేటికీ గౌరవంగా చూసుకుంటారు.

మార్చి 10: రోగుల మధ్య మరణించిన సావిత్రీబాయి

ఆడపిల్లలకు బడి పెట్టి చదువు చెప్పిన సావిత్రీబాయి ఫూలే పేరు మీరు విని ఉంటారు. 1896లో బొంబాయి రేవు దగ్గరి మాండ్వీ ప్రాంతంలో బయటపడిన ప్లేగు కొద్ది నెలల్లోనే పూనాకు పాకింది. ఆమె దత్తపుత్రుడు యశ్వంత్ వైద్యుడు. ఊరి శివారులో ఆయన తెరిచిన చికిత్సాలయానికి ఆమె స్వయంగా రోగులను చేర్చేవారు. ఎవరూ ముట్టుకోని రోగులను ఆమె ముట్టుకున్నారు. వ్యాధి సోకిన ఒక బాలుణ్ణి వీపున మోసుకుని తెచ్చారు. చివరకు తానే ప్లేగు పాలై, 1897 మార్చి 10న మరణించారు.

ఆమె మరణించిన సంవత్సరాన్ని గమనించండి. అప్పటికి ప్లేగు బాక్టీరియా తెలిసి మూడేళ్లు అవుతోంది. కానీ అది ఎలా సోకుతుందో ఎవరికీ తెలియదు. బురదలో, నేలలో, తిండిలో, గాలిలో ఉంటుందని తలో మాటా చెప్పేవారు. రోగికి ఇవ్వడానికి మందు లేదు. ఆ ఏడాది జనవరిలో వాల్డెమార్ హాఫ్కిన్ బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి ముందుగా తన ఒంటికే ఎక్కించుకున్నారు. కానీ ఆ టీకా రాకుండా కొంత కాపాడుతుందే తప్ప, వచ్చిన వ్యాధిని కుదర్చదు.

తెలియనితనం వల్ల ప్రభుత్వం కూడా మొరటుగా ప్రవర్తించింది. 1897లో అంటువ్యాధుల చట్టం వచ్చింది. పూనాలో సైనికులు ఇళ్లలో చొరబడి రోగులను వెతికారు, సామాన్లు తగలబెట్టారు. జనం కోపం కట్టలు తెంచుకుని, ప్లేగు అధికారి ర్యాండ్ హత్యకు దారితీసింది. 1896 నుంచి తర్వాతి కొన్ని దశాబ్దాల్లో మనదేశంలో ప్లేగుతో మరణించినవారు కోటికి పైగానే. సూరత్ పౌరులు 1994లో ఊరు విడిచి పరుగెత్తడానికి వెనుక తాతల నాటి ఈ జ్ఞాపకం ఉంది.

మార్చి 3: ఎలుకకూ మనిషికీ మధ్య వంతెన

యెర్సిన్ బొంబాయిలో వదిలిన పనిని కొనసాగించడానికి పాశ్చర్ సంస్థ పంపిన వైద్యుడే సిమోన్. ఆయన రోగులను ఓపికగా పరీక్షించారు. కొందరి కాళ్లమీద, ముఖ్యంగా పాదాల దగ్గర, చిన్న నీటిపొక్కు కనబడేది. దానిలోని ద్రవంలో ప్లేగు బాక్టీరియా ఉండేది. బిళ్ల కట్టేది కూడా ఆ పొక్కు ఉన్న వైపు గజ్జల్లోనే. అంటే వ్యాధి అక్కడినుంచే లోపలికి ప్రవేశించిందన్నమాట. మరి ఆ పొక్కు ఎలా వచ్చింది? ఏదో కుట్టి ఉండాలి.

మరో విషయం. అప్పుడే చచ్చిన ఎలుకను తీసి పారేసినవారికి ప్లేగు వచ్చేది. ఒక రోజు గడిచిన తర్వాత తీసినవారికి వచ్చేది కాదు. ఎలుకలోని బాక్టీరియా ఒక్క రోజులో మాయం కాదు కదా! మాయమయ్యేది మరేదో ఉంది. అదేమిటి?

ఎలుక ఒంటిమీద రెక్కలు లేని, ఎగిరి దూకే చిన్న పురుగులు ఉంటాయి. ఇంగ్లీషులో వీటిని ఫ్లీ అంటారు. అవి ఎలుక రక్తం తాగి బతుకుతాయి. ఎలుక చచ్చి ఒళ్లు చల్లబడగానే దాన్ని వదిలి, వెచ్చగా ఉండే మరో జీవిని వెతుక్కుంటాయి. మరో ఎలుక దొరక్కపోతే మనిషి మీదికి దూకుతాయి. ఒక రోజు గడిచిన ఎలుక మీద ఫ్లీలు ఉండవు. కాబట్టి ప్రమాదమూ ఉండదు.

ఈ ఊహను రుజువు చేయడానికి సిమోన్ 1898 జూన్ 2న కరాచీలో ఒక ప్రయోగం చేశారు. ప్లేగు సోకిన ఎలుకను పెద్ద గాజు జాడీలో ఉంచి, దానిమీద ఫ్లీలను వదిలారు. ఆ ఎలుక చావుకు దగ్గరపడినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మరో ఎలుకను చిన్న పంజరంలో పెట్టి జాడీలోనే వేలాడదీశారు. రెండు ఎలుకలూ ఒకదాన్నొకటి తాకలేవు. కానీ ఫ్లీ దూకితే అందేంత దూరంలోనే ఉన్నాయి. కొద్ది రోజులకు పంజరంలోని ఎలుక ప్లేగుతో చనిపోయింది. ఫ్లీలు లేని రోగి ఎలుక పక్కన ఆరోగ్యంగా ఉన్న ఎలుకలను ఉంచి చూస్తే వాటికి వ్యాధి రాలేదు. ఇంతకంటే తేటతెల్లమైన ప్రయోగం ఉంటుందా?

అయినా చాలామంది శాస్త్రజ్ఞులు ఆయన మాట నమ్మలేదు. కొందరు నవ్వారు. 1905 తర్వాత బొంబాయిలో ప్లేగు పరిశోధక సంఘం విస్తృతంగా ప్రయోగాలు చేసి సిమోన్ చెప్పిందే నిజమని తేల్చింది. 1914లో బేకట్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు మిగిలిన ముడి విప్పారు. బాక్టీరియా ఫ్లీ పొట్టకు ముందున్న ఇరుకు భాగంలో పేరుకుపోయి అడ్డుకట్ట వేస్తుంది. తాగిన రక్తం లోపలికి దిగదు. ఆకలి తీరని ఫ్లీ మళ్లీ మళ్లీ కుడుతుంది. కుట్టిన ప్రతిసారీ అడ్డుపడిన రక్తం బాక్టీరియాతో సహా వెనక్కి వచ్చి గాయంలోకి చేరుతుంది.

మన పల్లెల్లో పెద్దలకు ఈ సంగతి కొంత ముందే తెలుసు. ఇంటి దూలాల మీద నుంచి ఎలుకలు రాలిపడగానే ఊరు ఖాళీచేసి పొలాల్లో పాకలు వేసుకునేవారు. వారికి ఫ్లీల గురించి తెలియదు. కానీ ఎలుకల చావు తర్వాత మనుషుల చావు వస్తుందని అనుభవం నేర్పింది. ఎందుకు వస్తుందో సిమోన్ చెప్పారు.

ప్లేగులో మూడు రూపాలు

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ప్లేగు ఫ్లీల వల్ల వస్తే, సూరత్‌లో దగ్గు ద్వారా ఎలా వ్యాపించింది? ప్లేగుకు మూడు రూపాలు ఉన్నాయి. ఫ్లీ కుట్టినప్పుడు వచ్చేది బ్యూబోనిక్ ప్లేగు. గజ్జల్లో, చంకల్లో, మెడ దగ్గర శోషరస గ్రంథులు వాచి బిళ్లలు కడతాయి. ఇది ఒక మనిషి నుంచి మరొకరికి సాధారణంగా నేరుగా అంటుకోదు. బాక్టీరియా రక్తంలోకి పాకితే అది సెప్టిసీమిక్ ప్లేగు. ఊపిరితిత్తులకు చేరితే న్యుమోనిక్ ప్లేగు. ఈ మూడో రకానికి ఇక ఫ్లీ అవసరం లేదు. రోగి దగ్గినప్పుడు వెలువడే తుంపరలే వ్యాధిని మోసుకుపోతాయి. మందు ఇవ్వకపోతే బ్యూబోనిక్ ప్లేగులో సుమారు సగం మంది బతకవచ్చు. న్యుమోనిక్ ప్లేగులో మాత్రం దాదాపు ఎవరూ బతకరు. అయితే లక్షణాలు కనబడిన 24 గంటల్లోపు సరైన మందు మొదలుపెడితే ప్రాణం దక్కే అవకాశం బాగా పెరుగుతుంది. ఈ ఒక్క వాక్యం సూరత్‌లో అందరికీ తెలిసి ఉంటే సగం భయం తగ్గేది.

మార్చి 11: మందు ఇచ్చిన రసాయన శాస్త్రజ్ఞుడు

మందు అనగానే పెన్సిలిన్ గుర్తుకు వస్తుంది. దాన్ని కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ కూడా మార్చి 11వ తేదీనే, 1955లో మరణించారు. కానీ ప్లేగు మీద పెన్సిలిన్ పనిచేయదు. ప్లేగుకు మొదట దొరికిన గట్టి మందు స్ట్రెప్టోమైసిన్. ఆ తర్వాత వచ్చినవి టెట్రాసైక్లిన్ కుటుంబం మందులు.

ఈ కుటుంబపు కథ మన తెలుగువారితో ముడిపడి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, అక్కడ బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు పదార్థాన్ని వేరుచేశారు. దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆరియోమైసిన్ అణువులో ఒక క్లోరిన్ పరమాణువు ఉంటుంది. ఫైజర్ సంస్థలో పనిచేస్తున్న లాయిడ్ కోనోవర్ ఆ క్లోరిన్‌ను తొలగించి దాని స్థానంలో హైడ్రోజన్‌ను ఉంచారు. అలా 1950 దశకం మొదట్లో టెట్రాసైక్లిన్ పుట్టింది. ప్రకృతి ఇచ్చిన యాంటిబయాటిక్‌ను ముట్టుకుంటే దాని శక్తి పోతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. దాన్ని రసాయనికంగా మార్చి మరింత మంచి మందు చేయవచ్చని కోనోవర్ నిరూపించారు. నేడు వాడే యాంటిబయాటిక్‌లలో అనేకం ఈ దారిలో వచ్చినవే.

టెట్రాసైక్లిన్ ఎలా పనిచేస్తుంది? ప్రతి జీవకణంలోనూ ప్రొటీన్లు తయారుచేసే రైబోసోములు ఉంటాయి. బాక్టీరియా రైబోసోము మీద టెట్రాసైక్లిన్ అతుక్కుని, ప్రొటీన్ కూర్పుకు కావలసిన అమైనో ఆమ్లాలు అక్కడికి చేరకుండా అడ్డుపడుతుంది. ప్రొటీన్ లేకపోతే బాక్టీరియా పెరగలేదు. ఈలోగా మన శరీరపు రక్షక దళం మిగిలిన పని పూర్తిచేస్తుంది.

సూరత్‌లో ఈ గోలీల కోసమే జనం బారులు తీరారు. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా కొని దాచుకున్నారు, ఇష్టం వచ్చినంత మింగారు. రోగితో దగ్గరగా మెలిగినవారు వైద్యుని సలహాపై పూర్తి మోతాదు తీసుకోవడం మంచిదే. మిగిలినవారు తోచినట్లు మింగడం వల్ల అవసరమైనవారికి మందు దొరకదు. పైగా అరకొర మోతాదు వల్ల మందుకు లొంగని బాక్టీరియా తయారయ్యే ప్రమాదం ఉంది. 1995లో మడగాస్కర్‌లో ఒక రోగి నుంచి తీసిన ప్లేగు బాక్టీరియా పలు మందులకు లొంగనిదిగా తేలింది.

అది ప్లేగేనా?

1894లో యెర్సిన్ ఒక గడ్డిపాకలో కొద్ది రోజుల్లో చేసిన పనిని, సరిగ్గా నూరేళ్ల తర్వాత 1994లో మనదేశం ఎందుకు వెంటనే చేయలేకపోయింది? 1966 తర్వాత దేశంలో మనుషులకు ప్లేగు కనబడలేదు. దాంతో ఎలుకలపై, ఫ్లీలపై నిఘా పలచబడింది. ప్లేగును గుర్తించడం తెలిసిన పాత తరం పదవీ విరమణ చేసింది. సూరత్ కంటే ముందు, ఆగస్టులోనే, మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని మామ్లా గ్రామంలో ఎలుకలు రాలిపడ్డాయి, ఫ్లీలు కుట్టాయి, బిళ్లలు కట్టాయి. ఆ హెచ్చరిక సూరత్ చేరలేదు. పైగా సూరత్ రోగుల్లో చాలామందికి నమూనాలు తీయకముందే మందు పడింది. మందు పడిన తర్వాత బాక్టీరియాను పెంచడం కష్టం.

అందువల్ల అది ప్లేగు కాదని, మరో బాక్టీరియా వల్ల వచ్చే మెలియాయిడోసిస్ అని కొందరు నిపుణులు వాదించారు. నిజం తేల్చడానికి ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. దానికి అధ్యక్షులు శ్రీకాకుళంలో పుట్టిన ప్రఖ్యాత వైద్య శాస్త్రజ్ఞులు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. లభించిన ఆధారాలన్నీ పరిశీలించి అది ప్లేగేనని ఆ సంఘం నిర్ధారించింది. 2000లో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు అప్పటి బాక్టీరియా నమూనాల జన్యుపదార్థాన్ని పరీక్షించి, అవి యెర్సీనియా పెస్టిస్‌వేనని ప్రకటించారు. ప్లేగు పేరు ఎత్తగానే హైదరాబాదు వారు చార్మినారును తలుచుకుంటారు. ప్లేగు అంతరించినందుకు గుర్తుగా దాన్ని కట్టారని ఒక కథ ఉంది. ఆ నగరంలోనే 20వ శతాబ్దపు చివరి ప్లేగు సందేహానికి జవాబు దొరకడం విశేషం.

చీపురు చేసిన చికిత్స

మందు రోగిని బతికిస్తుంది. ఊరిని బతికించడానికి వేరే చికిత్స కావాలి. 1995 మే నెలలో సూర్యదేవర రామచంద్రరావు సూరత్ నగరపాలక కమిషనరుగా వచ్చారు. నగరాన్ని ఆరు మండలాలుగా చేసి, ఒక్కొక్క మండలాన్ని ఒక్కొక్క అధికారికి అప్పగించి, అక్కడికక్కడే నిర్ణయాలు తీసుకునే అధికారం ఇచ్చారు. ప్రతి ఉదయం అధికారులు కార్యాలయంలో కాకుండా వీధుల్లో ఉండాలని నియమం పెట్టారు. రాత్రిళ్లు వీధులు ఊడ్పించారు. మురికివాడల్లో కాలువలు, మరుగుదొడ్లు, నీటి కుళాయిలు ఏర్పాటు చేయించారు. చెత్త పారేసినవారికి, శుభ్రత పాటించని హోటళ్లకు జరిమానాలు వేయించారు. ఏ వీధిలో ఎవరికి జ్వరం వచ్చిందో రోజువారీ లెక్కలు తెప్పించారు.

ఫలితం? రెండేళ్లు తిరగకుండానే, 1996లో, ఇన్‌టాక్ సంస్థ దేశంలో చండీగఢ్ తర్వాత శుభ్రమైన నగరం సూరతేనని ప్రకటించింది. ఆ అలవాటు కొనసాగింది కూడా. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇందోర్ నగరాలు కలిసి మొదటి స్థానం పొందాయి.

చెత్తకూ ప్లేగుకూ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. చెత్తలో ప్లేగు పుట్టదు. చెత్త ఉంటే ఎలుకలకు తిండి దొరుకుతుంది. ఎలుకలు పెరిగితే ఫ్లీలు పెరుగుతాయి. ఎలుకలను మాత్రమే హఠాత్తుగా చంపితే ఫ్లీలు మనుషుల మీదికి వస్తాయి. కనుక ప్లేగు ఉన్నచోట ముందు ఫ్లీలను పురుగుమందుతో చంపి, తర్వాతే ఎలుకలను చంపాలి. ఈ వరుస సిమోన్ జాడీ ప్రయోగం నేర్పిన పాఠమే.

కథ ముగియలేదు

ప్లేగు భూమ్మీద నుంచి పోలేదు. మశూచి మనిషికి తప్ప మరే జీవికీ రాదు కాబట్టి దాన్ని నిర్మూలించగలిగాం. ప్లేగు అడవి ఎలుకల్లో, పందికొక్కుల్లో, ఉడతల్లో దాగి ఉంటుంది. మనదేశంలోనే 2002లో హిమాచల్ ప్రదేశ్‌లోని సిమ్లా జిల్లాలో, 2004లో ఉత్తరకాశీ జిల్లాలో అది మళ్లీ తలెత్తింది. రెండుసార్లూ త్వరగా గుర్తించినందువల్ల కొన్ని మరణాలతోనే ఆగిపోయింది. 2017లో మడగాస్కర్‌లో 2,400కు పైగా కేసులు, 200కు పైగా మరణాలు సంభవించాయి.

2020లో కరోనా వచ్చినప్పుడు మళ్లీ అవే దృశ్యాలు చూశాం. వలస కార్మికులు కాలినడకన ఊళ్లకు బయలుదేరారు. వారిలో సూరత్ మరమగ్గాల కార్మికులు కూడా ఉన్నారు. కొత్త వ్యాధి గురించి మొదట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు, అది వేరు. ప్లేగు విషయంలో అలా కాదు. 1994 నాటికి కారణం తెలుసు, దారి తెలుసు, మందు తెలుసు. ఆ మూడూ పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి. వీధిలో, ఆసుపత్రిలో, మనుషుల మనసుల్లో మాత్రం లేవు. నూరేళ్లలో సంపాదించిన జ్ఞానం వాడకం లేక తుప్పు పట్టింది.

ఈ మార్చి నెలలో క్యాలెండరు చూసినప్పుడు 1, 3, 10, 11 తేదీల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. యెర్సిన్‌కు కావలసిన పరికరాలు లేవు. సిమోన్‌ను తోటివారు నమ్మలేదు. కోనోవర్ నలుగురి నమ్మకానికి ఎదురీదారు. సావిత్రీబాయికి ఈ ముగ్గురి జ్ఞానంలో చాలావరకు అందనే లేదు. అయినా ఆమె రోగి దగ్గరికి నడిచి వెళ్లారు. సూరత్‌లో వైద్యం తెలిసి కూడా ఊరు విడిచినవారు ఉన్నారు, భయపడుతూనే ఆసుపత్రిలో నిలిచినవారూ ఉన్నారు. రేపు మీలో కొందరు వైద్యులు, శాస్త్రజ్ఞులు, నగర అధికారులు అవుతారు. వ్యాధి గురించి తెలుసుకోవడం ఎంత ముఖ్యమో, తెలిసినదాన్ని నలుగురికీ చెప్పడం, అవసరమైన రోజున నిలబడటం అంతే ముఖ్యం.